గుర్తులు కలిసినా షాఫ్టు తప్పవచ్చు: వ్యాన్ ఇంజిన్‌లో బ్యాలెన్స్ షాఫ్టుల టైమింగ్

చెన్నైలో పాడి, అంబత్తూరు వైపు షెడ్లలో పనిచేసే మన నెల్లూరు, చిత్తూరు మెకానిక్‌లకు నాలుగు సిలిండర్ల ఇంజిన్ విప్పి, బోరు చేయించి, క్రాంకు (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ప్రధాన షాఫ్టు) గ్రైండింగు చేయించి, తిరిగి బిగించి నడిపించడం కొత్త పని కాదు. అయితే వారిలో చాలామందికి చేయి తిరిగింది పాత టెంపో ట్రావెలర్ వంటి బళ్ళ మీద. ఆ ఇంజిన్లలో బ్యాలెన్స్ షాఫ్టులు, అంటే అదురు తగ్గించడానికి ఒక పక్కన బరువు ఉంచి తిప్పే షాఫ్టులు, లేవు. అందువల్ల ఆ షాఫ్టులున్న ఇంజిన్ బల్ల మీదికి వచ్చినప్పుడు, క్రాంకు గుర్తూ, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టు గుర్తూ కలిపినట్టే వీటి గుర్తులు కూడా కలిపి, పని పూర్తయిందని భావిస్తారు. ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, ఐడ్లింగులో చక్కగానే ఉంటుంది, యజమాని బండి తీసుకుపోతాడు. గుమ్మిడిపూండి దాటి నెల్లూరు రోడ్డు మీద వేగం పెంచిన తరువాతే సీట్లూ, అద్దాలూ, గేరు రాడ్డూ ఒక్కసారిగా అదరడం మొదలవుతుంది. ఆ అదురుకు మూలం ఎక్కడుందో, బిగించేటప్పుడే దాన్ని ఎలా నివారించవచ్చో ఈ వ్యాసంలో వివరించడానికి ప్రయత్నిస్తాను.

ఉదాహరణగా మిత్సుబిషి 4జీ63, 4జీ64 పెట్రోలు ఇంజిన్లను తీసుకుంటున్నాను. ఇవి ఎల్300 వ్యాన్లలో వచ్చాయి. ఆ వ్యాన్ మన రోడ్ల మీద తిరిగేది కాకపోయినా, గల్ఫ్ గ్యారేజీలలో పనిచేసిన కడప, చిత్తూరు మెకానిక్‌లకు అది బాగా తెలిసిన బండి. ఇదే సంస్థ తయారుచేసిన 4డీ56 డీజిల్ ఇంజిన్ ఎల్300లోనూ, మన దేశంలో 2012లో వచ్చిన పజెరో స్పోర్ట్‌లోనూ ఉంది. ఆ పజెరో స్పోర్ట్‌ను చెన్నై పక్కనే తిరువళ్ళూరులోని హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారంలో కూర్చారు కనుక, ఈ షాఫ్టుల సంగతి ఇక్కడి షెడ్లకు బొత్తిగా పరాయిది కాదు.

నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో 1, 4 పిస్టన్లు పైకి వెళ్ళినప్పుడు 2, 3 కిందికి దిగుతాయి కాబట్టి వాటి బలాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయని అందరూ చెబుతారు. ఇది సగమే నిజం. కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగా కదలడం వల్ల పిస్టన్ తన దారిలో పై సగాన్ని వేగంగానూ, కింది సగాన్ని నెమ్మదిగానూ దాటుతుంది. 4జీ64లో స్ట్రోకు 100 మిల్లీమీటర్లు, రాడ్డు పొడవు 150 మిల్లీమీటర్లు. క్రాంకు పై నుంచి సరిగ్గా పావు చుట్టు తిరిగేసరికి పిస్టన్ 50 మిల్లీమీటర్లు దిగి ఉండాలని అనిపిస్తుంది కానీ, లెక్క కడితే అది దాదాపు 58.6 మిల్లీమీటర్లు దిగి ఉంటుంది. అంటే ఆ క్షణంలో నాలుగు పిస్టన్లూ నడిమి గీతకు కిందనే ఉంటాయి. మరో పావు చుట్టు తిరిగితే రెండు పైన, రెండు కింద ఉంటాయి. కాబట్టి నాలుగింటి ఉమ్మడి బరువు క్రాంకు ఒక చుట్టు తిరిగేలోగా రెండుసార్లు లేచి రెండుసార్లు దిగుతుంది. మొదటి శ్రేణి (చుట్టుకు ఒకసారి వచ్చే) బలాలు రద్దయిన తరువాత కూడా మిగిలిపోయే ఈ రెండో శ్రేణి బలమే బ్యాలెన్స్ షాఫ్టులకు పని కల్పిస్తోంది.

ఆ బలం ఎంతో తెలిస్తే దాన్ని తేలిగ్గా తీసుకోలేము. పిస్టన్, పిన్ను, రింగులు, రాడ్డు పైభాగం కలిపి ఒక్కో సిలిండరుకు 600 గ్రాములు ఉంటాయనుకుందాం. పైన చెప్పిన కొలతలతో 3000 ఆర్‌పీఎం వద్ద ఈ రెండో శ్రేణి బలం గరిష్ఠంగా సుమారు 3950 న్యూటన్లు అవుతుంది. అంటే దాదాపు 400 కిలోల బరువు ఇంజిన్‌ను సెకనుకు 100 సార్లు పైకీ కిందికీ ఊపుతున్నట్టు లెక్క. ఈ బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 800 ఆర్‌పీఎం ఐడ్లింగులో అది 30 కిలోలకు కూడా చేరదు, 4500 వద్ద 900 కిలోలు దాటుతుంది. ఐడ్లింగులో ఇంజిన్ నున్నగా నడిచిందంటే షాఫ్టులు సరిగా ఉన్నట్టేనన్న నమ్మకం ఎందుకు చెల్లదో ఈ అంకెలే చెబుతున్నాయి.

దీనికి విరుగుడును ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో కనిపెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్. క్రాంకు వేగానికి రెట్టింపు వేగంతో, ఒకదానికొకటి ఎదురు దిశల్లో తిరిగే రెండు షాఫ్టులను అమర్చి, ఒక్కోదానికి ఒక పక్కన మాత్రమే బరువు ఉంచాలన్నది ఆయన ఆలోచన. ఎదురెదురుగా తిరగడం వల్ల వాటి అడ్డబలాలు ఒకదానితో ఒకటి కొట్టుకుపోతాయి, నిలువుబలాలు మాత్రం కలిసి పిస్టన్ల బలానికి ఎదురు నిలుస్తాయి. 1975లో మిత్సుబిషి తన ఆస్ట్రాన్ 80 ఇంజిన్‌లో వీటినే సైలెంట్ షాఫ్టుల పేరుతో తెచ్చి, రెండింటినీ ఒకే ఎత్తులో కాకుండా ఒకదానిని పైకి, మరొకదానిని కిందికి జరిపింది. ఆ ఎత్తు తేడా వల్ల అడ్డబలాలు ఒక మెలికగా పనిచేసి, ఇంజిన్ పక్కలకు ఒరిగే రెండో శ్రేణి కుదుపును కూడా తగ్గిస్తాయి. పోర్షె సంస్థ 944 కారు కోసం ఈ పద్ధతిని మిత్సుబిషి అనుమతితోనే వాడుకుంది.

టైమింగుకు ఆధారమైన సూత్రం చాలా సూటిగా ఉంటుంది. 1, 4 పిస్టన్లు టీడీసీలో (తమ దారిలో అన్నిటికంటే పై స్థానంలో) ఉన్నప్పుడు రెండో శ్రేణి బలం పైకి ఉంటుంది కాబట్టి, ఆ క్షణంలో రెండు షాఫ్టుల బరువు వైపులూ కిందికి ఉండాలి. మిగిలిన గుర్తులూ, చుక్కలూ, గీతలూ అన్నీ ఈ స్థితిని పట్టుకోవడానికి పెట్టిన సహాయకాలు మాత్రమే. ఇది మనసులో ఉంచుకుంటే చాలా సందేహాలు వాటంతటవే తీరిపోతాయి. ఉదాహరణకు, ఒకటో సిలిండరు కంప్రెషన్ టీడీసీలో ఉందా, ఎగ్జాస్ట్ టీడీసీలో ఉందా అన్న ప్రశ్న క్యామ్ షాఫ్టుకు ప్రాణం వంటిదే కానీ బ్యాలెన్స్ షాఫ్టులకు దానితో సంబంధం లేదు. అవి క్రాంకు ఒక చుట్టుకు రెండు చుట్లు తిరుగుతాయి కనుక, పిస్టన్ ఏ స్ట్రోకులో ఉన్నా టీడీసీ వచ్చేసరికి అదే స్థితికి చేరుకుంటాయి. హెడ్డు ఫేసింగు చేయించినా, బ్లాకు పైభాగం చెక్కించినా వీటి టైమింగు మారదు, ఎందుకంటే హెడ్డు ఎత్తు తగ్గితే ప్రభావం పడేది క్రాంకుకూ క్యామ్‌కూ మధ్య ఉన్న దూరం మీదనే. మరోవైపు, క్రాంకును టీడీసీకి తెచ్చేటప్పుడు జరిగే పొరపాటు మాత్రం షాఫ్టుల దగ్గర రెట్టింపు అవుతుంది. క్రాంకు 5 డిగ్రీలు పక్కకు ఉంటే షాఫ్టులు 10 డిగ్రీలు తప్పుతాయి. పుల్లీ మీది గీతను నమ్మి టీడీసీ నిర్ణయించే అలవాటు ఉన్నవారు, రబ్బరు జారిన పాత పుల్లీల విషయంలో జాగ్రత్తపడాలి. పిస్టన్ ఎత్తును కొలిచే డయల్ గేజి పెట్టి చూడటం ఉత్తమం.

ఇప్పుడు 4జీ63, 4జీ64 అమరికకు వద్దాం. వీటిలో కుడి షాఫ్టును క్రాంకు నుంచి వచ్చే చిన్న బెల్టు తిప్పుతుంది. సర్వీసు పుస్తకాల్లో దీనిని బెల్ట్ బి అంటారు. ఎడమ షాఫ్టుకు విడి బెల్టు లేదు. పెద్ద టైమింగ్ బెల్టు ఆయిల్ పంపు స్ప్రాకెట్‌ను (పళ్ళ చక్రాన్ని) తిప్పితే, పంపులోని రెండో గేరుకు బిగించిన ఎడమ షాఫ్టు ఎదురు దిశలో తిరుగుతుంది. దిశ మార్చడానికి విడి గేర్లు పెట్టకుండా పంపు గేర్లతోనే ఆ పని చేయించడం తెలివైన ఏర్పాటే. కానీ చిక్కు కూడా అక్కడే ఉంది. పంపులోని రెండు గేర్ల పళ్ళ సంఖ్య ఒకటి కాదు. అందువల్ల స్ప్రాకెట్ ఒక పూర్తి చుట్టు తిరిగి దాని గుర్తు మళ్ళీ కేసు మీది గుర్తుకు ఎదురుగా వచ్చినా, లోపలి షాఫ్టు తన పాత స్థితికి రాదు, దానికి సరిగ్గా అరచుట్టు ఎడంగా ఉంటుంది. అంటే స్ప్రాకెట్ గుర్తు చూడటానికి పక్కాగా కలిసిన రెండు సందర్భాలలో, ఒక దానిలో బరువు కిందికి, మరో దానిలో పైకి ఉంటుంది. బయటి నుంచి చూసే కంటికి రెండూ ఒకటే.

ఈ సందేహం తీర్చడానికే బ్లాకు ఎడమ పక్కన ఒక ప్లగ్గు ఉంది. దాన్ని విప్పి, 8 మిల్లీమీటర్ల మందం ఉన్న స్టార్ స్క్రూడ్రైవరును ఆ రంధ్రంలోకి దించాలి. అది 60 మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా లోపలికి పోతే షాఫ్టు సరైన స్థితిలో ఉంది. 20, 25 మిల్లీమీటర్ల దగ్గరే దేనికో తగిలి ఆగిపోతే, తగిలినది షాఫ్టు బరువు భాగమే. అప్పుడు స్ప్రాకెట్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పి, గుర్తు మళ్ళీ కలిపి, మళ్ళీ పరీక్షించాలి. స్క్రూడ్రైవరు లోతుగా దిగిన తరువాత దాన్ని అక్కడే ఉంచి, టైమింగ్ బెల్టు ఎక్కించడం పూర్తయ్యాకే బయటికి తీయాలి. ముందే తీస్తే, బెల్టు సవరించే క్రమంలో షాఫ్టు మెల్లగా పక్కకు తిరిగిపోవచ్చు. షాఫ్టును పంపు గేరుకు బిగించే బోల్టును బిగించేటప్పుడు షాఫ్టు తిరగకుండా ఆపేదీ ఇదే స్క్రూడ్రైవరు.

బెల్టు ఎక్కించాక క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులన్నీ మళ్ళీ చూసుకోవడం మంచి అలవాటు. అయితే ఇక్కడ ఇంకొక అపోహ ఎదురవుతుంది. రెండు చుట్ల తరువాత క్రాంకు గుర్తు, క్యామ్ గుర్తు, కుడి షాఫ్టు గుర్తు తమ చోట్లకు వస్తాయి కానీ ఆయిల్ పంపు స్ప్రాకెట్ గుర్తు రాదు. పైన చెప్పిన గేర్ల నిష్పత్తి ప్రకారం అది రాకూడదు కూడా. బెల్టు జారిందని భయపడి, దాన్ని విప్పి, ఆ స్ప్రాకెట్‌ను గుర్తుకు తెచ్చి మళ్ళీ ఎక్కించేవారు సరిగ్గా ఉన్న టైమింగును తమ చేతులతోనే చెడగొట్టే ప్రమాదం ఉంది. ఆ దశలో నమ్మవలసింది స్ప్రాకెట్ గుర్తును కాదు, స్క్రూడ్రైవరును. షాఫ్టు క్రాంకు ప్రతి చుట్టుకూ నిండుగా రెండు చుట్లు తిరుగుతుంది కాబట్టి, ఎన్నిసార్లు టీడీసీకి తెచ్చినా స్క్రూడ్రైవరు అదే లోతుకు దిగి తీరాలి.

ఎడమ షాఫ్టు అరచుట్టు తప్పితే నష్టం ఎంత? షాఫ్టు ఒకటే తప్పింది కనుక లాభం సగం పోయిందనీ, మిగతా సగం ఉందనీ చాలామంది అంటారు. లెక్క వేరుగా ఉంది. రెండు షాఫ్టుల్లో ఒక్కోటి పిస్టన్ల బలంలో సగాన్ని మోస్తుంది. ఒకటి తలకిందులైతే వాటి నిలువుబలాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి, కాబట్టి పిస్టన్ల బలం మొత్తంగా అలాగే మిగిలిపోతుంది. రద్దు కావలసిన అడ్డబలాలు మాత్రం ఒక్కటై, అంతే పరిమాణంలో ఇంజిన్‌ను పక్కలకు ఊపుతాయి. షాఫ్టులే లేని ఇంజిన్ నిలువునా మాత్రమే అదురుతుంది, ఇది నిలువునా అడ్డంగానూ అదురుతుంది. రెండూ తలకిందులైతే నిలువు అదురు రెట్టింపవుతుంది.

ఒక పన్ను తేడా సంగతి వేరు. షాఫ్టు స్ప్రాకెట్‌కు 20 పళ్ళు ఉన్నాయనుకుంటే ఒక పన్ను 18 డిగ్రీలకు సమానం. ఒక షాఫ్టు అంతమేర తప్పితే, మొత్తం బలంలో ఆరో వంతు కూడా మిగలదు, డ్రైవరుకు అది తెలియకపోవచ్చు. అయినా దాన్ని సరిదిద్దే బిగించాలి. నా ఉద్దేశం ఒక్కటే: బండి అద్దాలు కదిలేంతగా ఊగుతుంటే పన్ను తేడా కోసం వెతకడం కంటే అరచుట్టు తేడాను ముందుగా అనుమానించడం సరైన క్రమం.

టైమింగు ఎంత జాగ్రత్తగా కలిపినా, బెల్ట్ బి బిగువును నిర్లక్ష్యం చేస్తే అది నిలవదు. ఈ చిన్న బెల్టుకు స్ప్రింగు టెన్షనరు లేదు. చేత్తో ఎత్తిపట్టి బోల్టు బిగించాలి. బిగించేటప్పుడు టెన్షనరు ఇరుసు బోల్టుతోపాటు తిరిగితే బెల్టు అతిగా బిగుసుకుంటుంది. బిగించిన తరువాత టెన్షనరు వైపు బెల్టు నడిమిన వేలితో నొక్కితే 5 నుంచి 7 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. పాత బెల్టు బాగానే ఉందనిపించినా పుదుప్పేటలో దొరికే వాడిన భాగాల్లోంచి మరొకటి తెచ్చి వేయకూడదు. జీపీ రోడ్డు దుకాణాల్లో అడిగి, రెండు బెల్టులూ టెన్షనర్లూ కలిపి కొత్తవి తెప్పించుకోవడమే న్యాయం. ఎందుకంటే ఈ చిన్న బెల్టు తెగితే అదిరే బండితో సరిపెట్టుకోవడం కుదరదు. తెగిన ముక్కలు పక్కనే తిరుగుతున్న పెద్ద టైమింగ్ బెల్టులోకి చొరబడి దాన్ని పళ్ళు జార్చినప్పుడు, వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. కొత్తగా చేయించిన హెడ్డు మళ్ళీ విప్పవలసి వస్తుంది.

బెల్టు తెగడానికి మూలం చాలాసార్లు బెల్టులో కాక, షాఫ్టు తిరగడానికి ఆధారంగా బ్లాకులో ఉండే బుష్‌లలో ఉంటుంది. ఇంజిన్ 5000 ఆర్‌పీఎంలో తిరుగుతున్నప్పుడు షాఫ్టు 10,000 తిరుగుతుంది. ఆ వేగంలో ఆయిల్ ఒక్క క్షణం అందకపోయినా బుష్ కరుచుకుంటుంది. రీబిల్డు చేసేటప్పుడు మెయిన్ బేరింగులు, బిగ్‌ఎండ్ బేరింగులు తప్పక మారుస్తారు కానీ లోతుగా ఉండే ఈ వెనుక బుష్‌లను, తీయడం కష్టమన్న కారణంతో, చాలా చోట్ల వదిలేస్తున్నారు. అరిగిన బుష్ నుంచి ఆయిల్ ఎక్కువగా కారిపోతే మొత్తం ఇంజిన్‌కే ఆయిల్ ప్రెషరు పడిపోతుంది. కొత్త బుష్ కొట్టేటప్పుడు దాని రంధ్రం బ్లాకులోని ఆయిల్ రంధ్రానికి సరిగ్గా ఎదురుగా రావాలి. కొట్టిన తరువాత టార్చి వేసి, సన్నని తీగ పంపి నిర్ధారించుకోవాలి. కుడి షాఫ్టు ముందు స్ప్రాకెట్ వెనక ఉండే స్పేసరుకు ఒక అంచు ఏటవాలుగా చెక్కి ఉంటుంది. ఆ అంచు ఆయిల్ సీలు వైపే ఉండాలి. తిరగేసి వేస్తే సీలు పెదవి కోసుకుపోయి, కారిన ఆయిల్ నేరుగా బెల్టు మీద పడుతుంది.

4డీ56 డీజిల్‌లో ఏర్పాటు కొంత వేరుగా ఉంటుంది. దానిలో బెల్ట్ బి క్రాంకు స్ప్రాకెట్‌తోపాటు రెండు షాఫ్టుల స్ప్రాకెట్ల మీదుగానూ పోతుంది కాబట్టి మూడు గుర్తులను ఒకేసారి కలపాలి. టయోటా 2ఏజడ్-ఎఫ్ఈ ఇంజిన్‌లో షాఫ్టుల జత క్రాంకు కింద, ఆయిల్ సంపు వైపున కూర్చుని, గేర్లతో నడుస్తుంది. అక్కడ బెల్టు బెడద లేదు కానీ గేర్ల చుక్కలను సంపు మూయకముందే కలిపి నిర్ధారించుకోవాలి. షెవ్రొలె ఆస్ట్రో వ్యాన్‌లోని 4.3 లీటర్ల వీ6కు షాఫ్టు ఒక్కటే, అది క్రాంకుతో సమాన వేగంతో తిరుగుతుంది. దాని సమస్య వేరు, దాని లెక్క వేరు. రెట్టింపు వేగమన్న సూత్రాన్ని దానికి అన్వయించకూడదు.

ఈ తలనొప్పులన్నీ ఎందుకని షాఫ్టులనే తీసేసేవారు ఉన్నారు. రేసు కార్లకు దానికి కారణం ఉంది. పొద్దున్నుంచి రాత్రి వరకు మనుషులను మోసే వ్యాన్‌కు అలా చేయడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే 400 కిలోల ఊపును ఇక మౌంటింగ్ రబ్బర్లూ, బ్రాకెట్లూ, వాటి మీద కూర్చున్న మనుషులూ భరించాలి. తప్పనిసరై తీయవలసి వస్తే చిన్న బెల్టును ఒక్కదాన్నే తీసి వదిలేయడం సగం పని. అలా చేస్తే కుడి షాఫ్టు ఆగిపోతుంది, ఎడమది ఒంటరిగా తిరుగుతూ కొత్త అడ్డపు ఊపును పుట్టిస్తుంది. రెండు షాఫ్టులనూ తీసి, ఆయిల్ పంపు గేరుకు ఆధారంగా పొట్టి షాఫ్టు వేసి, బుష్‌లను తిప్పి కొట్టి ఆయిల్ రంధ్రాలు మూయాలి. రంధ్రాలు తెరిచి ఉంచితే ఆయిల్ ప్రెషరు నిలవదు.

బిగించి పంపిన బండి అదురుతోందని తిరిగి వచ్చినప్పుడు ముందుగా దాన్ని నిలబెట్టి, న్యూట్రల్‌లో ఉంచి 3000 ఆర్‌పీఎం వరకు పెంచాలి. అదురు అప్పుడూ వస్తే చక్రాలకూ ప్రొపెల్లర్ షాఫ్టుకూ సంబంధం లేదని తేలుతుంది. ఫోనులో కంపనాలు కొలిచే యాప్ ఉంటే, ఆ వేగం వద్ద 50 హెర్ట్‌జ్ దగ్గర శిఖరం కనిపిస్తే ఫ్లైవీలు, క్లచ్ ప్లేటు వైపు చూడాలి, 25 దగ్గర కనిపిస్తే ఒక సిలిండరు సరిగా మండటం లేదని అనుమానించాలి. 100 దగ్గర కనిపిస్తే బ్యాలెన్స్ షాఫ్టులు తప్పి ఉండవచ్చు, కానీ నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో మంటల తాకిడి కూడా సరిగ్గా ఆ లెక్కలోనే వస్తుంది కనుక మౌంటింగ్ రబ్బరు తెగినా అదే అంకె కనిపిస్తుంది. తేడా పట్టుకోవడానికి ఒక దారి ఉంది: లోడు లేకుండా వేగం పెంచుతూ పోతే మంటల తాకిడి అంతగా పెరగదు, షాఫ్టుల తప్పు వల్ల వచ్చే ఊపు మాత్రం వేగపు వర్గంతో పెరుగుతూనే ఉంటుంది. అనుమానం షాఫ్టుల మీదికి వచ్చాక, 4జీ63 అయితే ఇంజిన్ దించనవసరం లేదు. క్రాంకును టీడీసీకి తెచ్చి, బ్లాకు పక్కనున్న ప్లగ్గు విప్పి, స్క్రూడ్రైవరు ఎంత లోతుకు దిగుతుందో చూడాలి. అది మధ్యలో తగిలితే ముందు కవర్లు విప్పి, పెద్ద బెల్టు సడలించి, పంపు స్ప్రాకెట్‌ను ఒక చుట్టు తిప్పితే చాలు. అది పూర్తిగా దిగి, అదురు అలాగే ఉంటే, కుడి షాఫ్టుకు ఇలాంటి రంధ్రం లేదు కాబట్టి కవరు విప్పి బెల్ట్ బి గుర్తులను కంటితో చూడవలసిందే.